పొదగేసే ముందే గుడ్డులో జీవం ఉందా, పిల్ల పెట్టా పుంజా: ఇంట్లో ఎంతవరకు తెలుస్తుంది, ఎలా తెలుసుకోవాలి

గుడ్డు చేతిలో పట్టుకుని, ఇందులో పిల్ల పడిందా, పడితే పెట్టా పుంజా అని అడిగేవాళ్లకు ముందు చేదు మాట చెప్పేస్తాను, తర్వాత పనిలోకి వెళ్దాం. పెంకు పగలగొట్టకుండా, ఇంక్యుబేటర్ వేడి తగలకుండా ఈ రెండింటిలో ఏదీ ఇంట్లో తేలదు. టార్చి వేసినా, నీళ్లలో వేసినా, దారానికి ఉంగరం కట్టి గుడ్డు మీద ఊపినా అంతే. అలాగని చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఒక్కో గుడ్డును పరీక్షించలేం గానీ ఆ గుడ్లు పెట్టే మందను పరీక్షించొచ్చు. గుడ్డును చూసి ఆడా మగా చెప్పలేం గానీ, తల్లిదండ్రుల్ని లెక్క ప్రకారం జత కలిపితే పిల్ల పెంకు దాటి బయటికి రాగానే రంగు చూసి చెప్పేయొచ్చు. ఈ రెండు పనులూ ఎలా చేయాలో రాస్తున్నాను. చెప్పేదంతా కోళ్ల లెక్క. బాతులు, టర్కీలు, కౌజు పిట్టలకు కూడా జీవం చూసే పద్ధతి ఇదే, రోజులే మారతాయి.

అసలు బయటికి ఎందుకు కనిపించదో తెలిస్తే సగం అపోహలు వాటంతటవే పోతాయి. పెట్ట కడుపులో పచ్చసొన విడుదలైన పావుగంట లోపే, దాని చుట్టూ ఇంకా తెల్లసొన గానీ పెంకు గానీ పడకముందే, పుంజు బీజం దాన్ని చేరాలి. ఆ తర్వాత తెల్లసొన, పొరలు, పెంకు పడి గుడ్డు బయటికి రావడానికి దాదాపు 24 నుంచి 26 గంటలు పడుతుంది. అంతసేపూ కోడి ఒంటి వేడిలోనే ఉంటుంది కాబట్టి, మీరు గూట్లోంచి గుడ్డు తీసుకునే సమయానికే పిండం పదుల వేల కణాలుగా చీలిపోయి ఉంటుంది. మరి టార్చి వేస్తే కనిపించదేం అంటే, అంతా కలిపి 4, 5 మిల్లీమీటర్ల పలచటి బిళ్ల, పచ్చసొన పైన అతుక్కుని ఉంటుంది, అందులో రక్తం లేదు, నరం లేదు. గుడ్డు చల్లబడగానే అది నిద్రలోకి పోతుంది. ఇంక్యుబేటర్‌లో వేడి తగిలి రక్తనాళాలు పుడితేనే వెలుతురుకు ఏదైనా చిక్కేది.

ముందు కొన్ని గుడ్లు పగలగొట్టండి

పొదగేసే ముందు చేయగలిగిన నిజమైన పరీక్ష ఇదొక్కటే. గుడ్లు వృథా అని బాధపడకండి, చూసిన తర్వాత వండుకుని తినేయొచ్చు.

ఆ రోజో ముందు రోజో పెట్టిన గుడ్లు తీసుకోండి. పాతబడే కొద్దీ పచ్చసొన మీద పొర వదులై, బిళ్ల అంచులు అలుక్కుపోయినట్టు కనిపించి మీరే తికమకపడతారు. లోతు లేని తెల్ల పళ్లెంలో, పచ్చసొన చితక్కుండా మెల్లగా పగలగొట్టండి. బిళ్ల ఉన్న వైపు కాస్త తేలిక కాబట్టి మామూలుగా అదే పైకి తిరుగుతుంది, తిరగకపోతే చెంచా వెనక వైపుతో పచ్చసొనను నెమ్మదిగా దొర్లించండి. కిటికీ పక్కన పగటి వెలుతురు గానీ టేబుల్ లైటు గానీ సరిపోతుంది, భూతద్దం ఉంటే ఇంకా మంచిది.

ఉత్త గుడ్డయితే పచ్చసొన మీద 2, 3 మిల్లీమీటర్ల చిన్న తెల్లచుక్క కనిపిస్తుంది, గట్టిగా, చిక్కగా, అంచులు గిజిగిజిగా, పిండి ముద్ద అంటుకున్నట్టు. జీవం పడిన గుడ్డయితే చుక్క పెద్దది, 4, 5 మిల్లీమీటర్లు ఉంటుంది, గుండ్రంగా ఉంటుంది, ముఖ్యంగా అందులో వలయం కనిపిస్తుంది, బయట తెల్లటి చుట్టు, లోపల కాస్త తేటగా ఉన్న భాగం. మినప గారె ఆకారం అనుకోండి. మొదటిసారి చూసేవాళ్లకు ఒక్క గుడ్డు చూస్తే ఏదీ తేలదు, పక్కన పోల్చుకోవడానికి పుంజు మొహమే చూడని మందలోని గుడ్డు ఒకటి పగలగొట్టి పెట్టుకోండి. పెద్ద లేయర్ ఫారాల్లో పుంజులు ఉండవు, ఆ గుడ్లు దీనికి బాగా పనికొస్తాయి. రెండూ పక్కపక్కన చూసిన తర్వాత ఇక జన్మలో మర్చిపోరు.

ఇక్కడ చాలామంది తప్పు చుక్కను పట్టుకుంటారు. పచ్చసొన మీద రక్తపు చుక్క కనిపిస్తే పిల్ల తయారవుతోంది అనుకుంటారు, అది కాదు, పచ్చసొన విడుదలయ్యేటప్పుడు తల్లి ఒంట్లో చిన్న రక్తనాళం చిట్లితే పడే మరక అది, పుంజు లేని మందలోనూ వస్తుంది. పచ్చసొనకు రెండు వైపులా మెలితిరిగిన తెల్లటి తాడు లాంటిది కూడా పిండం కాదు, పచ్చసొనను మధ్యలో నిలిపి ఉంచే కట్టు అది, ప్రతి గుడ్డులోనూ ఉంటుంది, తాజా గుడ్డులో ఇంకా దట్టంగా ఉంటుంది.

ఎన్ని పగలగొట్టాలి అనేదానికి సూటి జవాబు: మీరు భరించగలిగినన్ని. కానీ చిన్న లెక్క మనసులో పెట్టుకోండి. మీ మందలో నిజానికి నూటికి 80 గుడ్లలోనే జీవం పడుతోంది అనుకుందాం. 10 గుడ్లు పగలగొడితే పదికి పదీ మంచివే వచ్చే అవకాశం కూడా దాదాపు పదో వంతు ఉంది. అంటే 10 గుడ్లు చూసి నూటికి నూరు అని ఎగిరి గంతేయకూడదు. అదే 30 గుడ్లు చూస్తే అలా మోసపోయే అవకాశం వెయ్యిలో ఒకటికి దిగిపోతుంది. ఒక్కసారే 30 పగలగొట్టక్కర్లేదు, రోజూ వంటకు వాడే గుడ్లను పళ్లెంలో పగలగొట్టి చూసి పుస్తకంలో గీత పెట్టుకుంటూ పోండి, రెండు వారాల్లో మీ మంద సంగతి మీకు తెలిసిపోతుంది. నేనైతే పొదగేయాలనుకున్న నెల ముందు నుంచే ఇలా గీతలు పెడతాను.

పరిశోధన ల్యాబుల్లో ఇంకో పద్ధతి ఉంది, పచ్చసొన మీద పొర ఒలిచి, రంగు పట్టించి, బీజకణాలు ఆ పొరకు పెట్టిన చిల్లుల్ని మైక్రోస్కోప్ కింద లెక్కపెడతారు. అది కూడా గుడ్డు పగలగొట్టాకే. అంటే డబ్బూ పరికరాలూ ఉన్నవాళ్లకు కూడా పెంకు దాటాల్సిందే అన్నమాట.

లెక్క తక్కువ వస్తే పుంజు వైపు చూడండి

పగలగొట్టిన వాటిలో సగం ఉత్త గుడ్లే వస్తే ఇంక్యుబేటర్ జోలికి వెళ్లకండి, ముందు మంద సర్దుకోండి. బరువైన జాతులకు 8 నుంచి 10 పెట్టలకు ఒక పుంజు, తేలికపాటి జాతులకు ఇంకో రెండు పెట్టలు ఎక్కువైనా ఫర్వాలేదు. పుంజులు ఎక్కువైతే గుడ్లు ఇంకా బాగుంటాయని కాదు, వాటిలో అవి కొట్టుకుని ఒకదాన్ని ఒకటి పెట్ట మీంచి దింపేసుకుంటాయి.

పుంజుకు ఇష్టమైన పెట్టలు ఉంటాయి, మొహం చూడనివీ ఉంటాయి. పెట్టల వీపులు చూడండి. ఈకలు ఊడి బోసిగా ఉంటే దాన్ని రోజూ తొక్కుతోంది, ఒక్క ఈక కూడా చెదరకుండా నిగనిగలాడే పెట్ట గుడ్డు మీద మాత్రం కాస్త అనుమానం పెట్టుకోండి. ఏ గుడ్డు ఏ పెట్టదో గుర్తుపట్టగలిగితే ఆ పెట్ట గుడ్లే విడిగా రెండు మూడు పగలగొట్టి చూడండి, మొత్తం మంద సగటు కంటే ఇది ఎక్కువ పనికొస్తుంది.

కొచ్చిన్, బ్రహ్మ, ఆర్పింగ్టన్ లాంటి బొద్దు ఈకల జాతులైతే వెనక భాగంలో ఈకలు అడ్డొచ్చి పని సరిగా జరగదు, పుంజుకూ పెట్టకూ అక్కడ ఈకలు కత్తిరిస్తే చాలు తేడా కనిపిస్తుంది. వయసు మీరిన పుంజు, కాలు నొప్పితో కుంటే పుంజు, మరీ కొవ్వెక్కిన పుంజు, ఎండ దెబ్బ తిన్న పుంజు, వీటి మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంకొకటి చాలామందికి తెలియనిది: వయాండాట్ లాంటి రోజ్ కోంబ్ జాతుల్లో, అంటే తురాయి వెడల్పుగా తలకు అణిగి ఉండే వాటిలో, ఆ తురాయి జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వచ్చిన పుంజులకు బీజం చురుకుదనం తక్కువ. పుంజు పైకి చూస్తే మహారాజులా ఉంటుంది, గుడ్లలో మాత్రం ఏమీ ఉండదు.

కొత్త పుంజును వదిలిన రెండో రోజు నుంచే జీవం ఉన్న గుడ్డు రావొచ్చు, అయినా వారం పది రోజులు ఆగి పోగేయడం మొదలుపెట్టండి. పుంజును తీసేశాక వెంటనే ఆగిపోతుందా అంటే లేదు, పెట్ట ఒంట్లో బీజాన్ని దాచుకునే సన్నటి గొట్టాలు ఉంటాయి, అందులోంచి రోజూ కొంచెం వాడుకుంటుంది, రెండు వారాల దాకా మామూలే, కొన్ని పెట్టలు మూడు వారాలు కూడా లాగుతాయి. అందుకే జాతి మార్చేవాళ్లు పాత పుంజును తీసేసి కనీసం మూడు వారాలు, తొందర లేకపోతే నాలుగు వారాలు ఆగాలి. ఈ సంగతి కింద ఆడ మగ దగ్గర మళ్లీ అక్కరకొస్తుంది.

గుడ్లు ఏరడం, దాచడం

ఇక్కడ టార్చి పనికొస్తుంది, కాకపోతే జీవం చూడటానికి కాదు. చీకటి గదిలో గుడ్డు లావు వైపు లైటు ఆనించి తిప్పితే వెంట్రుకంత పగుళ్లు మెరుస్తాయి, రెండు పచ్చసొనలు ఉంటే నీడలు రెండు కనిపిస్తాయి, గాలి గది, అంటే పెంకు లోపల గాలి నిండిన ఖాళీ, లావు వైపు కాకుండా మొన వైపో పక్కనో ఉంటే తెలుస్తుంది. ఇవన్నీ తీసి వంటకు పంపేయండి. మరీ పెద్దవి, మరీ చిన్నవి, పెంకు గరుకుగా ముడతలు పడ్డవి కూడా.

నీళ్లలో వేసి మునిగితే మంచిది తేలితే ఉత్తది అనే పరీక్ష దయచేసి చేయకండి. గుడ్డు తేలేది లోపల గాలి గది పెరగడం వల్ల, గాలి గది పెరిగేది గుడ్డు పాతబడి నీరు ఆవిరవడం వల్ల. జీవం ఉందో లేదో నీళ్లకేం తెలుసు? పైగా పెంకు మీద సహజంగా ఉండే సన్నటి రక్షణ పూత పోతుంది, గుడ్డు కంటే నీళ్లు చల్లగా ఉంటే లోపలి పదార్థం ముడుచుకుని పెంకు రంధ్రాల్లోంచి ఆ మురికి నీటిని లోపలికి లాక్కుంటుంది. మంచి గుడ్డును పరీక్షించే పేరుతో మురగబెట్టుకోవడమే.

దాచేటప్పుడు మొన కిందికి పెట్టండి, 15 నుంచి 18 సెల్సియస్ డిగ్రీల మధ్య చల్లటి చోట, గాలిలో తేమ 70, 75 శాతం ఉంటే మరీ మంచిది. 7 రోజుల లోపు పొదగేయండి, తర్వాత రోజు రోజుకీ పిల్లలు తగ్గుతాయి. వారం దాటుతుందని తెలిస్తే రోజుకోసారి పక్కకు వంచి మారుస్తూ ఉండండి. గది ఒకసారి వేడెక్కి ఒకసారి చల్లబడుతూ ఉంటే పిండం సగం మేలుకుని సగం పడుకుని నీరసించి చచ్చిపోతుంది, ఆ చావు మీకు తర్వాత ఉత్త గుడ్డులా కనిపించి పాపం పుంజు మీద నింద పడుతుంది. ప్రయాణం చేసి వచ్చిన గుడ్లయితే ఒక రోజు మొన కిందికి పెట్టి కదపకుండా వదిలేసి అప్పుడు పెట్టండి.

7వ రోజు చూడండి, ముందు వద్దు

ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్‌లో 37.5 డిగ్రీలు, తేమ 45 నుంచి 55 శాతం పెట్టారనుకుందాం. తెల్ల పెంకు గుడ్లలో 4, 5 రోజులకే కొంచెం తెలుస్తుంది, గోధుమ రంగు పెంకులో 7 రోజులు ఆగాలి. ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. ఒకసారి ముదురు గోధుమ గుడ్లు 5వ రోజే చూసి, ఏమీ లేదని 4 తీసేసి పగలగొడితే రెండింట్లో గుండె ఎర్రటి చుక్కలా టపటపా కొట్టుకుంటోంది. ఆ రోజంతా మనసు మనసులో లేదు. అనుమానం ఉన్న గుడ్డు మీద పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి మళ్లీ 10వ రోజు చూస్తే పోయేదేం లేదు, మురిగి వాసన కొట్టేది అయితే తప్ప.

చూసే పద్ధతి ఏం కష్టం కాదు. గది చీకటి చేయండి, అట్టముక్కకు గుడ్డు లావు భాగం ఆనేంత చిల్లు పెట్టి వెనక నుంచి గట్టి ఎల్‌ఈడీ టార్చి వేయండి. బతికున్న గుడ్డులో సాలెగూడులా ఎర్రటి నరాలు, మధ్యలో నల్లటి చుక్క, కాసేపు కదపకుండా చూస్తే ఆ చుక్క ఊగుతుంది కూడా, అది కన్ను. ఉత్త గుడ్డు లోపలంతా తేటగా ఉండి పచ్చసొన నీడ మాత్రం మెల్లగా అటూ ఇటూ తేలుతుంది. లోపల ఎర్రటి ఉంగరం గీసినట్టు ఉంటే పిండం మొదలై చచ్చిపోయిందని అర్థం. ఒక్కో విడత పది, పదిహేను నిమిషాల్లో ముగించేయండి, అంతసేపు బయట ఉన్నంత మాత్రాన పిండాలకు ఏమీ కాదు, టెన్షన్ పడొద్దు.

అసలైన సమాచారం దీని తర్వాత పనిలో ఉంది, అదే పని చాలామంది చేయరు. తేటగా కనిపించి తీసేసిన గుడ్లను పారేయకుండా పగలగొట్టండి. తేటగా కనిపించిందల్లా ఉత్త గుడ్డు కాదు. ఇందాక చెప్పిన చిన్న గట్టి తెల్లచుక్క అలాగే ఉంటే అది నిజంగా ఉత్త గుడ్డు, పుంజు సంగతి చూడాలి. చుక్క బదులు సెంటీమీటరంత మీగడ రంగు పొర పరుచుకుని రక్తం మాత్రం లేకపోతే జీవం పడింది గానీ మొదటి ఒకటి రెండు రోజుల్లోనో అంతకు ముందు దాచినప్పుడో పోయింది, తప్పు మీ దాచడంలోనో రవాణా కుదుపుల్లోనో ఉంది. రక్తం, ఉంగరం కనిపిస్తే ఇంక్యుబేటర్ లోపలికి వెళ్లాక 2 నుంచి 4 రోజుల మధ్య చచ్చింది, థర్మామీటర్ నమ్మదగిందేనా, గుడ్లు తిప్పుతున్నారా చూసుకోండి. ఈ మూడూ కలిపేసి, ఈ పుంజు పనికిరాదు అని మంచి పుంజును వదిలించుకున్నవాళ్లు ఉన్నారు.

టర్కీలు పెంచేవాళ్లకు పక్కమాట. టర్కీల్లో పుంజు లేకుండానే కొన్ని గుడ్లలో పిండం తనంతట తాను మొదలవుతుంది, 1950లలో అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో అలా పొదిగి పిల్లలు కూడా వచ్చాయి, వచ్చినవన్నీ మగవే. కాబట్టి టర్కీ గుడ్డు పగలగొట్టి బిళ్ల పెద్దదిగా ఉందని పుంజుకు మార్కులు వేసేయకండి, ఒకటికి నాలుగు చూడండి.

ఇక ఆడా మగా

మనుషుల్లో బిడ్డ ఆడా మగా అనేది తండ్రి బీజం తేలుస్తుంది. కోళ్లలో తిరగబడింది, తేల్చేది పెట్ట. ఆడ మగ తేల్చే జన్యు పోగులు, అంటే క్రోమోజోములు, పుంజుకు రెండూ జడ్ రకం, పెట్టకు ఒక జడ్, ఒక డబ్ల్యూ. పెట్ట తన పచ్చసొనలో జడ్ పెడితే కొడుకు, డబ్ల్యూ పెడితే కూతురు. అది కూడా పచ్చసొన విడుదలయ్యే ముందే, అంటే పుంజు బీజం తగలక ముందే, గుడ్డు బయటికి రావడానికి దాదాపు ఒక రోజు ముందే తేలిపోతుంది.

ఈ ఒక్క ముక్క పట్టుకుంటే ఆకారం కథ ఎందుకు నిలబడదో తెలుస్తుంది. మొన తేలిన గుడ్డు పుంజు, గుండ్రటి గుడ్డు పెట్ట అనే మాట రెండు వేల ఏళ్ల నాటిది. తమాషా ఏమిటంటే గ్రీకు అరిస్టాటిల్ పొడుగ్గా మొన తేలిన గుడ్డు ఆడది అన్నాడు, రోమన్ వ్యవసాయ రచయిత కొలుమెల్లా సరిగ్గా తిరగేసి మగది అన్నాడు. గుడ్డు ఆకారం వచ్చేది పెట్ట లోపలి గొట్టంలో, పచ్చసొనలో ఏముందో ఆ గొట్టానికి తెలియదు. ఒక పెట్ట గుడ్లు పది వరసగా పెట్టి చూడండి, అన్నీ ఇంచుమించు ఒకే ఆకారం. ఆకారమే నిజమైతే ఆ పెట్ట జన్మంతా పుంజుల్నే కనాలి కదా!

ఉంగరం దారానికి కట్టి ఊపేది కూడా ఇలాంటిదే, ఊపేది మన చెయ్యి, మనకే తెలియకుండా. ఎవరైనా పదికి ఏడు సరిగ్గా చెప్పానంటే ఆశ్చర్యపోకండి, నాణెం ఎగరేసినా పదికి ఏడో అంతకంటే ఎక్కువో కలిసే అవకాశం దాదాపు ఆరో వంతు ఉంది. నమ్మకం కుదరకపోతే 30 గుడ్ల మీద నంబర్లు వేసి, మీ జోస్యం కాగితం మీద రాసి కవరులో పెట్టి, పిల్లలు రెండు నెలలవాళ్లయ్యాక తీసి చూసుకోండి. ఇంక్యుబేటర్ వేడి తగ్గిస్తే పెట్టలు, పెంచితే పుంజులు అంటారు, వేడిని బట్టి ఆడ మగ తేలడం మొసళ్లకూ కొన్ని తాబేళ్లకూ చెల్లే సంగతి, కోళ్లలో వేడి మార్చితే పిల్లలు చస్తాయి తప్ప ఆడ మగ మారవు.

గుడ్డులోనే ఆడ మగ చెప్పే యంత్రాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, మగ కోడిపిల్లల్ని పుట్టగానే చంపడాన్ని జర్మనీ 2022 జనవరి 1 నుంచి నిషేధించాక అక్కడ బాగా వాడకంలోకి వచ్చాయి. కానీ అవి పనిచేసేది పొదగడం మొదలైన తర్వాతే. ఒక రకం 9వ రోజు దగ్గర పెంకుకు సన్నటి చిల్లు పెట్టి లోపలి ద్రవం తీసి హార్మోన్ చూస్తుంది, ఇంకో రకం 13వ రోజు దగ్గర గట్టి వెలుతురు పంపి పిండం ఈకల రంగు చూస్తుంది, అది కూడా ఆడా మగా వేరు వేరు రంగులో పుట్టే గోధుమ గుడ్ల జాతుల్లోనే. పొదగక ముందు గుడ్డును చూసి చెప్పే పరికరం అని ఎవరైనా అమ్మజూపితే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

మీ చేతుల్లో ఉన్నది: జత కలపడం

పెట్ట తన జడ్‌ను కొడుకులకే ఇస్తుంది, కూతుళ్లకు జడ్ వచ్చేది తండ్రి దగ్గర్నుంచే. అంటే తల్లి జడ్ మీద పైకి కనిపించే గుర్తు ఒకటి ఉండి, తండ్రిలో ఆ గుర్తు లేకపోతే, ఆ గుర్తు కొడుకుల్లోనే కనిపిస్తుంది, కూతుళ్లలో ఉండదు. మిగతా కథంతా ఈ ఒక్క సూత్రమే.

అన్నిటికంటే తేలిక చారల గుర్తు. నల్ల ఒంటి మీద తెల్ల చారలుండే బార్డ్ ప్లిమత్ రాక్ పెట్టల మీదికి రోడ్ ఐలాండ్ రెడ్ పుంజును వదలండి. పిల్లలన్నీ నల్లగా పుడతాయి, తల మీద తెల్లటి మచ్చ ఉన్నవి పుంజులు, లేనివి పెట్టలు. రెండోది వెండి రంగు. లైట్ ససెక్స్ లేదా డెలవేర్ పెట్టల మీదికి రోడ్ ఐలాండ్ రెడ్ లేదా న్యూ హాంప్‌షైర్ పుంజును వదిలితే, మగపిల్లలు లేత పసుపు తెలుపులో, ఆడపిల్లలు ఎర్ర గోధుమ ఛాయలో వస్తాయి. తడి ఆరి బొచ్చు విచ్చుకునే దాకా ఆగి, పగటి వెలుతురులో చూడండి.

తిరగేసి జత కలిపితే, అంటే చారల పుంజు, ఎర్ర పెట్ట అయితే, పని చేయదు, తండ్రి ఆ గుర్తును కొడుకులకూ కూతుళ్లకూ ఇద్దరికీ ఇచ్చేస్తాడు. అలాగే ఇలా వచ్చిన పిల్లల్ని పెంచి వాటిలో వాటిని జత కలిపితే రెండో తరంలో రంగు చూసి చెప్పలేరు. వైట్ లెగ్‌హార్న్ లాంటి తెల్ల జాతుల్ని కూడా ఇందులో కలపకండి, ఆ తెలుపు మిగతా రంగులన్నిటి మీదా సున్నం కొట్టినట్టు కప్పేస్తుంది. పాత పుంజును తీసేసి మూడు నాలుగు వారాలు ఆగమన్నది ఇందుకే, పాత పుంజు బీజంతో వచ్చిన పిల్ల ఒకటి రెండు కలిస్తే రంగు లెక్క మొత్తం తారుమారు, మీరేమో సూత్రం తప్పనుకుంటారు.

ప్రతి తరంలోనూ రంగు చూసి చెప్పాలంటే క్రీమ్ లెగ్‌బార్, బీలెఫెల్డర్ లాంటి జాతులు పెంచాలి. 1920ల చివర్లో ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్‌లో పన్నెట్ అనే జన్యు శాస్త్రవేత్త బృందం ఈ దారి వేసింది. చారల జన్యువు మగపిల్లకు రెండు, ఆడపిల్లకు ఒకటే, అందుకే మగపిల్ల వెలిసిపోయినట్టు లేతగా, తల మీద పెద్ద మచ్చతో ఉంటుంది, ఆడపిల్ల వీపు మీద ముదురు గీతలు, కంటి పక్కన కాటుక దిద్దినట్టు గీత స్పష్టంగా ఉంటాయి.

రెక్క ఈకలు చూసి చెప్పడం గురించి చాలామంది అడుగుతారు. పుట్టిన మొదటి రోజు రెక్క విప్పి చూస్తే కింది వరస పొడుగు ఈకలు, వాటిని కప్పే పై వరస ఈకలు కనిపిస్తాయి. పొడుగు ఈకలు స్పష్టంగా ముందుకు వచ్చి ఉంటే పెట్ట, రెండు వరసలూ సమానంగానో పై వరసే పొడుగ్గానో ఉంటే పుంజు. బాగుంది కదా, కానీ ఇది ప్రతి పిల్లకూ పనిచేయదు. ఈకలు ఆలస్యంగా వచ్చే రకం పెట్టకు, త్వరగా వచ్చే రకం పుంజును జత కలిపి ఉంటేనే. మళ్లీ అదే సూత్రం, ఆలస్యం అనే గుర్తు తల్లి నుంచి కొడుకుకే వెళ్తుంది. ఏ జతో తెలియని పిల్లల రెక్కలు విప్పి చూసి జోస్యం చెప్పడం ఉంగరం ఊపడం కంటే గొప్పదేం కాదు. రెండు రోజులు దాటితే తేడా కూడా చెరిగిపోతుంది. ఇక పిల్ల వెనక భాగం నొక్కి చూసే పద్ధతి 1920లలో జపాన్‌లో పుట్టింది, దానికి చాలాకాలం శిక్షణ కావాలి, చేయి తిరగనివాళ్లు నొక్కితే పిల్ల పేగులు దెబ్బతింటాయి, దాని జోలికి వెళ్లకండి.

జత మీ చేతిలో లేదు, ఎవరో ఇచ్చిన గుడ్లు, అయినా తొందరగా తెలియాలి అంటే డీఎన్‌ఏ పరీక్ష ఒకటుంది. పిల్ల బయటికి వచ్చాక ఖాళీ పెంకు లోపలి పొరకు సన్నటి రక్తనాళాలు అంటుకుని ఉంటాయి, అవి పిల్లవే. కొన్ని ల్యాబులు ఆ పొరను తీసుకుని ఆడా మగా చెబుతాయి, మిగతావి చిన్న ఈక గానీ రక్తపు చుక్క గానీ అడుగుతాయి. పెంకు పంపేటట్టయితే 18వ రోజు గుడ్లు తిప్పడం ఆపేటప్పుడే ఒక్కో గుడ్డును విడివిడి చిన్న జాలీ బుట్టలో పెట్టండి, లేకపోతే పొద్దున లేచేసరికి పెంకులన్నీ ఒక చోట, పిల్లలన్నీ ఒక చోట, ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి. పిల్ల కాలికి రంగు రింగు, అదే నంబరు పెంకు కవరు మీద. కాగితం కవరే వాడండి, ప్లాస్టిక్ కవరులో తడి పొర బూజు పడుతుంది.